మిరప కల్లం కింద మనిషి

అయినా మీరే చెప్పండి, కాపురానికొచ్చిన ఏడాది నుంచీ మిరపకాయలు ఆరబోసుకుంటున్న దిబ్బ కింద ఒక మనిషి ఉన్నాడంటే ఎవరి గుండె ఆగిపోదు? మల్లీశ్వరికి ఆగినంత పనైంది.

ఆ దిబ్బ రెంటచింతల నుంచి కృష్ణ ఒడ్డుకు పోయే దారిలో, వాళ్ల చేను చివర ఉంటుంది. ఎత్తు మీద నీళ్లు నిలవవు కాబట్టి అత్తగారి కాలం నుంచీ అదే కల్లం. మల్లీశ్వరి బతుకు సగం దాని మీదే గడిచింది. రంగు పోయిన తాలుకాయ ఏరింది అక్కడే, కూలోళ్లతో పోట్లాడింది అక్కడే, మధ్యాహ్నం పూట కొంగు మొహాన కప్పుకుని కునుకు తీసిందీ అక్కడే. ఒకటే ఇబ్బంది. దిబ్బ గుండ్రంగా ఉండటంతో కాయలు వాలుకు దొర్లిపోయేవి. చదును చేయించమని మొగుడు సాంబశివరావును ఏళ్ల తరబడి సతాయించింది.

ఈ ఏడు మొదటి కోత కాయ గుంటూరు యార్డుకు పోయాక ఆయన మాట విన్నాడు. మాచర్ల నుంచి షబ్బీర్ జేసీబీ తెచ్చాడు. టీ తాగి బకెట్ దించాడు. కాసేపటికే బండి ఆపి కిందికి దూకాడు.

"బాబాయ్, ఇది మట్టి కాదు. గోడ."

"దిబ్బ అంచున విడి ఇటుకలుంటాయి గానీ గోడేందిరా? నిద్ర సరిపోలా?"

"నువ్వే వచ్చి చూడు."

నిజంగానే గోడ. మూరెడేసి ఇటుకలు. మట్టి దులిపేకొద్దీ అది వంపు తిరిగింది. దాన్నుంచి లోపలికి ఇంకో గోడ, దాని పక్కన మరోటి. అచ్చం ఎడ్లబండి చక్రాన్ని పడుకోబెట్టినట్టుంది. చక్రం ఆకుల మధ్య ఖాళీల్లో మట్టి కూరి ఉంది. అలాంటి ఒక ఖాళీలో బకెట్ పన్ను తగిలి చిన్న కుండ పగిలింది. అందులో బూడిద, ఒక ఎముక ముక్క, బంగారు రేకుతో చేసిన పువ్వు.



షబ్బీర్ చెప్పులు విడిచి పక్కకు జరిగాడు. "సమాధి పిన్నీ ఇది. ఎవరిదైనా సమాధి సమాధే. నేనిక బకెట్ పెట్టను."

"ఒరేయ్, మట్టి కప్పేసి పోరా." సాంబశివరావు గొంతు తగ్గించాడు. "తెలిసిందంటే గవర్నమెంటోళ్లు కంచేసుకుంటారు. రెండో కోత చేలో ఉంది. కాయ నా నెత్తిన ఆరబోసుకోవాలా?"

"నీ బట్టతల మీద బానే ఆరుద్దిలే." మల్లీశ్వరి ఎకసెక్కమాడింది గానీ కళ్లు ఆ కుండ మీదే ఉన్నాయి. "ఇన్నాళ్లూ నేను కాళ్లు చాపుకుని పడుకుంది మనిషి మీదయ్యా! తెలిసీ మళ్లీ పూడ్చి, దాని మీద కాయ పోసి, ఆ కారం జనం చేత తినిపించమంటావా? నా వల్ల గాదు. షబ్బీరూ, ఫోన్ చెయ్యి."

మర్నాడు విజయపురి సౌత్ నుంచి సంజన అనే పురావస్తు శాఖ ఆఫీసరమ్మ వచ్చింది. చూసి, గోడ పక్కన మోకాళ్ల మీద కూర్చుంది.

"ఇది బౌద్ధుల స్తూపం అమ్మా. ఇక్కడ ఏలిన ఇక్ష్వాకుల కాలంది కావచ్చు. పదిహేడు వందల ఏళ్లు ఉంటాయి. చక్రంలాగా గోడలు కట్టి, మధ్యలో మట్టి కూరి, పైన బోర్లించిన గిన్నెలా తీర్చేవాళ్లు. ఇటుక తక్కువ పడుతుంది, గట్టిగా నిలుస్తుంది. ఇదిగో అరుగు, ఇలాంటివి నాలుగు దిక్కులా ఉంటాయి. ఆ ఎదర గుర్రపు నాడా ఆకారంలో మిట్టగా కనబడేది గుడి అయ్యుంటుంది. నది వైపు భిక్షువుల గదులు ఉండాలి, రేవుకు మెట్లు కూడా. పడవల మీద వచ్చే వర్తకులు ఇక్కడ దిగి మొక్కుకుని పోయేవాళ్లు."

"మరి ఈయనెవరు?"

"ఎవరో పెద్ద భిక్షువు. పేరు తెలీదు."

మల్లీశ్వరి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఒకటే దిగులమ్మా," అంది సంజన. "బయటి గోడ సగం లేదు. ఇటుకలు ఎవరో పెరుక్కుపోయారు. అవి దొరికితే ఉన్నది ఉన్నట్టు నిలబెట్టొచ్చు."

ఆ ఇటుకలెక్కడున్నాయో మల్లీశ్వరికి తెలుసు. ఆ ఊళ్లో కొత్త కోడలు కాపురానికొస్తే దిబ్బ ఇటుకతో పొయ్యి వేయించడం ఆనవాయితీ. ఎంత మంటకూ పగలదని, కోడలి కాపురమూ అట్లాగే ఉంటుందని. ఆమె పొయ్యికి అత్తగారే బుట్టతో మోసుకొచ్చింది. గ్యాస్ వచ్చాక కూడా పెరట్లో నీళ్లు కాగేది దాని మీదే. ఊరు ఊరంతా ఆ గోడ మీద వండుకు తింది!

ఆ సాయంత్రమే గునపంతో పొయ్యి పడగొట్టింది.

"ఏమే, పిచ్చా? వేణ్ణీళ్లేవి?" సాంబశివరావు తువ్వాలుతో నిలబడి అరిచాడు.

"చన్నీళ్లు పోసుకో. సచ్చిపోవులే."

తర్వాత బుట్ట నెత్తిన పెట్టుకుని ఇంటింటికీ తిరిగింది. కొందరు నవ్వారు, కొందరు తిట్టారు, అయినా ఇటుకలు ఇచ్చారు. "మా అత్త వేసిన పొయ్యి, నీకెందుకిస్తానే?" అని ఒకావిడ తలుపేసుకుంటే, తీసేదాకా గడపలోనే కూర్చుంది. ఊరి చివర అబ్రహాము మాత్రం, "ఈస్టర్ పిండివంటలు కానియ్ వదినా, తర్వాత నేనే పీకిస్తా" అన్నాడు.

ఈలోగా దిబ్బ చుట్టూ కంచె పడింది. సాంబశివరావు అన్నంతా అయింది. రెండో కోత కాయ కాలువ పక్క పల్లంలో, పట్టల మీద ఆరబోశారు. ఆయన వారం రోజులు భార్యతో సరిగా మాట్లాడలేదు.

ఈస్టర్ అయిన మర్నాడు మల్లీశ్వరి బుట్ట తీసుకుని అబ్రహాము ఇంటికి బయల్దేరింది. చర్చి మలుపు దగ్గర గాలి లేచింది. కృష్ణ వైపు ఆకాశం నల్లబడి ఉరిమింది. కాయంతా పల్లంలో ఉంది, కప్పేవాళ్లు లేరు. బుట్ట అక్కడే గోడ పక్కన పడేసి, చీర ఎగదోపుకుని వెనక్కి పరిగెత్తింది.

కాయ పనిలో పడి ఆమె మళ్లీ అటు పోనేలేదు. ఆ పొయ్యి ఇటుకలు ఇంకా అబ్రహాము పెరట్లోనే ఉన్నాయి.