కదపకూడని గొంతు

మా అక్క నీటి సరఫరా ఆఫీసులో కంప్యూటర్లు చూసుకుంటుంది. అక్కడ ఎవరు కొత్త ప్రోగ్రాం ఎక్కించబోయినా ఆమె ముందు "ఆగండి" అంటుంది. అందుకని వెనకాల అందరూ ఆమెను ఆగండిగారంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు.

నేను సోఫాలకు కవర్లు కుట్టేవాణ్ణి. కంప్యూటరంటే నాకు నొక్కితే పనిచేసే పెట్టె. అంత మాత్రానికి ఇంత భయమెందుకో తెలుసుకుందామని, ఓ ఆదివారం ఉండబట్టలేక అడిగేశాను.

"మా కంప్యూటర్లను నడిపే లైనక్స్‌లో ఏ ప్రోగ్రామూ ఒంటరిగా రాదురా. తనకు కావలసినవాళ్ళని వెంటబెట్టుకొస్తుంది, గిట్టనివాళ్ళని బయటికి గెంటుతుంది. ఎవరొస్తారో ఎవరు పోతారో తెర మీద చూపించి, సరేనా అని అడుగుతుంది కూడా. చదివేదెవరు? సరే అని నొక్కేస్తారు."

ఆమె పక్క సీటాయన అలాగే ఫోటోలు చూసుకునే బుల్లి ప్రోగ్రాం కోసం సరే నొక్కితే, నీటి బిల్లులు ముద్రించే ప్రోగ్రాం ఊడి కూర్చుందట. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. అందుకే అక్క ముందు ఉత్తుత్తిగా చేయిస్తుంది. ఇది ఎక్కిస్తే ఏమవుతుందో చెప్పు, ఎక్కించకు అనే ఆజ్ఞ ఒకటి ఉందట. అసలు కదలకూడదనుకున్నదాన్ని ఉన్నచోటే బిగించి ఉంచడానికి ఇంకో ఆజ్ఞ.

ఇంట్లో ఆమె అలా బిగించింది ఒక్కటే. అమ్మ గొంతు.

జబ్బు చేసి, ఆపరేషన్‌లో అమ్మ స్వరపేటిక తీసేశారు. అక్క ఒక పాత లాప్‌టాప్‌ను బాగుచేసి తెచ్చింది. అమ్మ టైపు చేస్తే అది పైకి చదువుతుంది. అప్పట్లో తెలుగు పలికే గొంతు అక్కకు ఒక్కటే దొరికింది, అదీ మగగొంతు. దాంతో అమ్మ మొదటిసారి "కాస్త మంచినీళ్ళివ్వండి" అన్నప్పుడు అక్క వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది. ఆ రోజే ఆ గొంతును బిగించేసింది. వాకిట్లోకి వచ్చినవాళ్ళు అమ్మ మాట విని "సార్, ఇంట్లో ఆడవాళ్ళున్నారా" అని అడిగేవాళ్ళు. మేం నవ్వుకునేవాళ్ళం. అమ్మ కూడా నవ్వేది.

ఈమధ్య అమ్మకు చూపు మందగించింది. అక్షరాలు పెద్దగా కనిపించే టైపింగ్ ప్రోగ్రాం కావాల్సి వచ్చింది. అలవాటు ప్రకారం అక్క తన కంప్యూటర్‌ నుంచే అమ్మ లాప్‌టాప్‌లోకి వెళ్ళి ఉత్తుత్తిగా చేయించి చూసింది. చూసి మొహం మాడ్చుకుంది.

"ఏం పోతుందట?" అన్నాను భుజం మీంచి తొంగిచూస్తూ.

"బిగింపు తీస్తే తప్ప ఇది ఎక్కదట. తీస్తే పాత గొంతు పోతుంది. దాని బదులు కొత్తది, ఆడగొంతు వస్తుంది. వద్దులే, ఇంకేదైనా దారి వెతుకుతాను."

మంచం మీంచి టకటకా చప్పుడైంది. "ఈ గొంతేనా పోయేది?" అంది అమ్మ, అదే మగగొంతుతో. "పోనీవే."

"అలవాటైన గొంతు కదమ్మా."

"నీకు అలవాటైంది."

అక్క తెల్లబోయింది. "మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"నువ్వంత కష్టపడి పెట్టావు. ఎలా చెప్పను? నువ్వూ అడగలేదు."

ఆఫీసులో తెర మీది ప్రతి అక్షరం చదివే మనిషి, ఇంట్లో అమ్మ మొహం చదవలేదు. నేను మాత్రం చదివానా? నాకు సిగ్గేసింది.

"ఒకవేళ కొత్తది పలక్కపోతే?" అంది అక్క చివరికి. "నీకు ఉన్న మాట కూడా పోతుందమ్మా."

"పోతే మళ్ళీ పాతదే పెట్టు."

అక్క పాత గొంతును వేరేచోట దాచింది. కొత్తదాన్ని తన కంప్యూటర్‌లో ఎక్కించి, పలికించి చూసింది. అప్పుడు అక్కే వచ్చి అమ్మ లాప్‌టాప్ దగ్గర కూర్చుని బిగింపు తీసి, తెర మీదున్నదంతా మళ్ళీ మొదటినుంచి చదివి, సరే అని నొక్కింది. అమ్మ మీటల మీద వేళ్ళు ఆనించింది. కొట్టింది. ఏమీ వినపడలేదు. అక్క సౌండ్ కాస్త పెంచి, "మళ్ళీ కొట్టమ్మా" అంది.

ఈసారి ఆడగొంతు పలికింది. సన్నగా, కొంచెం వేగంగా.

"ఫోనివ్వండి. మీ పిన్నితో మాట్లాడతాను."

ఆపరేషన్ అయ్యాక అమ్మ తన చెల్లెలితో ఒక్కసారి కూడా మాట్లాడలేదు. పిన్ని ఫోన్ చేసినప్పుడల్లా పడుకున్నానని చెప్పమనేది. ఇద్దరికీ ఏదో మాట తేడా వచ్చిందనుకున్నాం. అక్క నంబరు కలిపి, ఫోన్‌ను లాప్‌టాప్ పక్కన పెట్టి, అమ్మ కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చింది. అవతల పిన్ని ఎత్తి "ఎవరండీ" అంది.

"నేనేనే, అక్కని" అంది అమ్మ.