కవరు మీద ‘రాత్రి’

కొవిడ్ సద్దుమణిగిన మరుసటి ఏడాది వానాకాలంలో నన్ను గోదావరిఖనిలో ఒక బొగ్గుగనుల డిస్పెన్సరీకి సీనియర్ ఫార్మసిస్టుగా వేశారు. కిటికీ వెనక కూర్చుని గోళీలు ఇవ్వడం నా పని. డాక్టరు రాసింది చదవగలగడం నా ప్రతిభ.

రాజలింగు భూగర్భ గనిలో పంపు ఆపరేటరు. కీళ్లవాతం. లేవగానే వేళ్లు ముడుచుకోవు, పంపు వాల్వు తిప్పలేడు. వారానికోసారి మింగే అసలు మందు నడుస్తూనే ఉంది. దానికి తోడుగా మా డాక్టరు యాంటీహిస్టమిన్ కలిపారు. అంటే జలుబుకూ దురదకూ ఇచ్చే గోళీ, అదీ నిద్ర తెచ్చే పాతరకం. కీళ్ల వాపులో హిస్టమిన్ పాత్ర కూడా ఉండొచ్చని, ఇంకా గట్టిగా రుజువు కాలేదని, కొన్నాళ్లు చూద్దామని ఆయనే చెప్పారు.

“కీళ్లు పట్టుకపోతే సర్ది గోళి ఇస్తరా? నన్ను ఆగం జేస్తున్నరా సారూ?” అన్నాడు రాజలింగు.

ముక్కూ మోకాలూ ఒకే ఒంటివి కదా అని దబాయించి, కవరు మీద ‘రాత్రి 1’ అని రాసిచ్చాను. పడుకునే ముందు వేసుకోవాలని నా భావం. భావాన్ని కవరు మీద రాయలేదు.

ఆ వారం రాజలింగుది నైట్ షిఫ్టు. బుద్ధిగా అన్నం తిని, గోళీ మింగి, గనిలోకి దిగాడు. పంపు దగ్గర నీళ్లు పెరిగి కాళ్లకు తగిలాకే మెలకువ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, డ్యూటీలో నిద్రపోయినందుకు చార్జిషీటు ఇచ్చారు. ఉద్యోగం పోయే కేసు.

విచారణ రోజు మేనేజరు నన్నూ పిలిపించారు. రాజలింగు కవరు బయటికి తీశాడు. “రాత్రి ఏసుకొమ్మన్నరు, ఏసుకున్న. ఇందుల నా తప్పేంది?”

ఆ రాత నాది కాదని తప్పించుకోవచ్చు. కానీ జన్మంతా డాక్టర్ల రాతను వెక్కిరించిన పాపానికి నా దస్తూరీ ముత్యాల్లా ఉంటుంది. భయమేసింది. వాచిన ఆ వేళ్ల మధ్య కవరు చూసి అంతకన్నా సిగ్గేసింది. తప్పు నాదేనని రాసి సంతకం పెట్టాను. చార్జిషీటు వెనక్కి తీసుకున్నారు. నా సర్వీసులో మొదటి మెమో నాకు వచ్చింది.

తర్వాత రాజలింగు చూపించుకోవడానికి వస్తే, వాపు తగ్గిందా అని డాక్టరు అడిగారు.

“కీళ్ల సంగతి ఎరుక లేదు గని, నిద్ర మాత్రం మస్తు పట్టింది సారూ.”

ఆ గోళీ ఆపేశారు.

నేను నేర్చుకున్నది చిన్నదే. ఖనిలో రాత్రి అంటే డ్యూటీ. రిటైరయ్యేదాకా కవరు మీద మళ్లీ ఆ మాట రాయలేదు. ‘పడుకునే ముందు’ అని రాశాను, అదీ ఏం షిఫ్టు అని అడిగాకే.