పశువుల పాక మీద మంచు

మా బ్యాంకులో ఎవరో ఒకరు ఏటా మనాలి వెళ్లొస్తారు. అద్దె కోట్లు వేసుకుని, మంచు ముద్దలు విసురుకుంటూ దిగిన ఫొటోలు అందరికీ చూపిస్తారు. చివర్లో నా వైపు తిరిగి, "మీరు అదృష్టవంతులండీ మేడం, రెండేళ్లు ఆ మంచులోనే ఉన్నారు" అంటారు. దూరపు కొండలు నునుపు అని ఊరికే అన్నారా? మూడు రోజులు చూసొచ్చేవాళ్లకు మంచు ముద్దొస్తుంది. ఐదు నెలలు పోకుండా గుమ్మంలో కూర్చుంటే అప్పుడు తెలుస్తుంది.

నాకు మంచంటే అసహ్యం. ఈ మాట మర్యాదగా చెప్పడం నాకు చేతకాదు.

ప్రమోషన్ తీసుకుంటే నన్ను లద్దాఖ్ వైపు ఒక చిన్న ఊళ్లో వేశారు. నేను ప్రత్తిపాడు దగ్గర పల్లెలో పుట్టినదాన్ని. మా వైపు డిసెంబరు మంచు తెల్లవారుజామున పొలాల మీదికి దిగి, తొమ్మిదింటికల్లా తన దారిన తాను పోతుంది. అక్కడిది అలా కాదు. నవంబరులో పడింది ఏప్రిల్ దాకా కదల్లేదు. మొదటి వారం తెల్లగానే ఉంది, ఒప్పుకుంటాను. తర్వాత కాలు జారకుండా దాని మీద పొయ్యి బూడిద పోశారు. కుక్కలు చేసేది కుక్కలు చేశాయి. తొక్కి తొక్కి అది నల్లబడి రాయిలా గట్టిపడింది. ఇంటి నుంచి బ్యాంకుకు ఒక్క మనిషి పట్టేంత దారి, చలికాలమంతా అదే దారి. నవంబరులో పడిపోయిన నా గ్లౌజు ఒకటి ఏప్రిల్లో కాలువ పక్కన దొరికింది. దాన్ని చూస్తే ఏడుపొచ్చింది.

అమ్మకు మాత్రం మంచంటే ప్రాణం, ఒక్కసారీ చూడకుండానే.

అమ్మ పత్తి తీతకు వెళ్లేది. క్రిస్మస్ దగ్గర పడగానే రైతునడిగి ఒడినిండా పత్తి తెచ్చేది. తనతో పాటు పనికి వచ్చే పక్కింటి పెద్దమ్మా, తనూ చెరో పీట మీద కూర్చుని గింజ తీసి, ఎండాకు నలుసులు ఏరి, మెత్తగా విప్పేవాళ్లు. మా చర్చిలో కట్టే పశువుల పాక మీద దాన్ని మంచులా పరచడం అమ్మ పని. బేత్లెహేములో మంచు పడిందా అని మా ఊళ్లో ఎవరూ అడగలేదు. గ్రీటింగు కార్డుల్లో ఉంది కాబట్టి మాకూ ఉండాలి, అంతే. ఎండిన పత్తికాయలు గుచ్చుకుని పగిలిన వేళ్లతో అమ్మ దాన్ని పాక కప్పంతా పరిచి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకునేది. నేను చదువుకుంటున్న రోజుల్లో అది చూస్తే నాకు చిరాకు. కూలికి తీసే పత్తి చాలక చర్చిలో కూడా పత్తేనా అనుకునేదాన్ని.

నేను ఆ ఊరు వెళ్లాక రోజూ ఫోన్లో ఒకటే అడిగేది.

"ఏమ్మాయ్, మంచు ఉందా, పోయిందా?"

"ఎక్కడికి పోయిద్ది? ఉంది."

"మనం చర్చిలో పరిచే పత్తి లాగే ఉండిద్దా?"

ఆ రోజు కొళాయి గడ్డకట్టి, చుక్క నీళ్లు లేక ఒళ్లు మండి ఉన్నాను. "పత్తీ లేదు, పాడూ లేదు. మురిక్కాలవ లాగా ఉంది" అన్నాను.

"ఏమోలే. ఒక్కసారి చూడాలనుంది నాకు" అంది అమ్మ.

"వేసవిలో రా."

"ఎండాకాలం వచ్చి ఏం చూడను? ఎండ మన దగ్గర లేదా?"

"చలికాలం నీకిక్కడ ఊపిరాడదమ్మా" అన్నాను. అది నిజమే. కానీ ఆ నిజం వెనక నేను దాక్కున్నాను. నైలాను చీర మీద నా పాత స్వెట్టరు వేసుకుని, మా మేనేజరు ముందు ఒడిలో చేతులు పెట్టుకుని కూర్చునే అమ్మను తలుచుకుంటే నాకు సిగ్గేసింది. ఇన్నేళ్లకు ఒప్పుకుంటున్నాను.

రెండో చలికాలం, జనవరిలో, మధ్యాహ్నం అన్నం తిని లేవబోతూ అమ్మ పోయింది. అన్నయ్య ఫోన్ చేశాడు. మంచుకు కొండ కనుమ దారి ఎప్పుడో మూసేశారు. వాతావరణం బాగుంటే ఒక చిన్న విమానం వస్తుంది, లేకుంటే లేదు. మూడు రోజులు పొద్దున్నే బ్యాగు పట్టుకుని వెళ్లి, సాయంత్రం దాకా ఆకాశం చూసి తిరిగొచ్చాను. కురుస్తూనే ఉంది.

మూడో రోజు అన్నయ్య మళ్లీ ఫోన్ చేశాడు. "ఇంక ఎంతకని ఉంచమంటావమ్మా?" అన్నాడు. నేనే తీసుకెళ్లమన్నాను.

నేను ఊరు చేరేసరికి సమాధి మీద పూలు ఎండిపోయాయి. నా కోసం ప్రత్తిపాడు నుంచి ఐస్ బాక్స్ తెప్పించి అమ్మను అందులో ఉంచారట. "అద్దానికి ఊరికే చెమ్మ పట్టేది. మొహం కనపడాలని చీరచెంగుతో తుడుస్తానే ఉన్నా, నువ్వు వచ్చేస్తావని" అంది వదిన. మంచు చూడాలని అడిగిన మనిషిని మూడు రోజులు ఐసులో పడుకోబెట్టాను. అందుకే మనాలి ఫొటోలు చూపిస్తే నేను సీట్లోంచి లేచి వెళ్లిపోతాను. పొగరనుకుంటారు. అనుకోనీ.

తర్వాత బదిలీ మీద గుంటూరు వచ్చేశాను. పోయిన క్రిస్మస్‌కు ఊరెళితే చర్చి కుర్రకారు వచ్చి, "అక్కా, నిజం మంచు చూసినదానివి. పాక మీద ఈసారి నువ్వే పరవాలి" అన్నారు. మంచూ వద్దు గించూ వద్దు, వరిగడ్డి చాలని కసిరాను. మొహాలు మాడ్చుకుని వెళ్లారు.

సాయంత్రం పెద్దమ్మ వచ్చింది, ఒడినిండా పత్తితో. "మీ అమ్మ ఏటా చేసిన పని. నువ్వొద్దంటే ఆగిద్దా?" అని పాక దగ్గర చతికిలబడింది. గింజ తీసే ఉంది. ఒక్కతే కూర్చుని తీసి ఉంటుంది. కొంచెం కొంచెం తీసుకుని పాక కప్పు మీద పరిచాను. ఒకటి రెండు నలుసులు కనపడితే ఏరాను.

పెద్దమ్మ నా చేతుల వంకే చూస్తోంది.

"అక్కడి మంచు అచ్చం మన పత్తి లాగే ఉండిద్దని నువ్వు ఫోన్లో చెప్పావంట గదమ్మాయ్. మీ అమ్మ చేలో అందరికీ చెప్పుకుని ఎంత మురిసిపోయిందో. నిజవేనా?"

నేను తల ఎత్తలేదు.

"నిజమే పెద్దమ్మా. అచ్చం ఇట్టాగే ఉండిద్ది."