కళ్ళు మూయించిన నా ఫస్ట్ షో

మొన్న ఎల్బీ నగర్‌ల నా ఫస్ట్ షోకు రాలేకపోయినమని మీరు బాధపడకండి. వచ్చినోళ్ళు కూడా ఏం చూడలే!

మీకు తెలుసు కదా, చిన్నప్పటి సంది కొత్తపేటల మా చర్చి క్వయర్‌ల పాడుతున్న. అక్కడ నాకు భయమే లేదు. పాటకు ముందు నేనే అందరిచేత కళ్ళు మూయిస్తా. ఇగ నన్ను చూసేదెవరు?

ఇంతల నా పాప్ పాటలు ఫోన్లల్ల తిరిగి తిరిగి, టూర్ దాకా వచ్చింది. నాలుగు ఊర్లు. మొదటిది మన ఎల్బీ నగర్. మేనేజర్ శ్రీను గారిది భీమవరం. ఆయన ముందే చెప్పిండు: "ఇక్కడ తేడా వస్తే మిగతా మూడూ క్యాన్సిలేనమ్మా!"

కర్టెన్ పక్కకెల్లి తొంగి చూసిన. అమ్మో, ఎంత మంది! ఎనకనే ఉన్న అమ్మ దగ్గరికి ఉరికిన.

"అమ్మా, నాతోని కాదే. ఇంటికి పోదాం పా."

అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "పరేషాన్ కాకు బిడ్డా. చర్చిల ఎట్ల పాడతవో గట్లనే పాడు" అని, పోయి ముందు వరుసల కూసున్నది.

స్టేజ్ ఎక్కిన. లైట్లన్నీ నా మీదనే. బుర్ర ఖాళీ! అలవాటైన మాటనే నోట్లకెల్లి వచ్చేసింది. "అందరం తలలు వంచి కళ్ళు మూసుకుందామా!"

పాడాల్సిందేమో బ్రేకప్ పాటాయె! డ్రమ్మర్ కర్రలు గాల్లనే పట్టుకొని నా దిక్కు చూస్తున్నడు.

నవ్వుతరనుకున్న. కానీ ఏం జనమండీ! షోల భాగమనుకున్నరో ఏమో, గ్రౌండంతా తల వంచింది. అమ్మయితే కొంగు నెత్తి మీద కప్పుకుంది! ఒక్కరు నన్ను చూస్తలేరు. నేను కూడా కళ్ళు మూసుకున్న. అప్పుడొచ్చింది గొంతు! ఊపు మీద రెండు పాటలు పాడేసి కళ్ళు తెరిచిన. చూస్తే, పాపం, అందరు ఇంకా గట్లనే ఉన్నరు. తెరవమని చెప్పుడు మర్చిపోయిన!

అమ్మనే కాపాడింది. గట్టిగ "ఆమెన్!" అన్నది. గ్రౌండ్ మొత్తం "ఆమెన్!" అని ఒకటే నవ్వులు, చప్పట్లు. నాకూ నవ్వాగలే. భయం ఎటు పోయిందో పోయింది, మిగతా పాటలన్నీ వాళ్ళ ముఖాలు చూసుకుంటనే పాడిన. గా జనానికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే.

షో అయినంక శ్రీను గారు తల పట్టుకున్నడు. "రెండు పాటలు! ఆ లైట్లూ, ఆ పొగా ఎవరి కోసం పెట్టించాను?"

"నేను చూసిన సారూ, మస్తున్నయి" అన్నది అమ్మ.

"నువ్వు కూడా కళ్ళు మూసుకున్నవ్ కదనే?" అని అడిగిన.

"ఒక్క కన్నే మూసిన. నువ్వు ఎక్కడ పడిపోతవో అని రెండోది నీ మీదనే పెట్టిన."

అక్కడనే ఏడ్చిన, మేకప్ మొత్తం ఖరాబ్!

మిగతా మూడు షోలు పక్కా అయినయి. శనివారం నల్లగొండ. శ్రీను గారు మైక్ స్టాండ్‌కు ఇప్పటికే ఒక కాయితం అంటించిండు. పెద్ద పెద్ద అక్షరాలు: "కళ్ళు తెరవమని చెప్పు తల్లీ!"