ఆముదం రాసిన మోకాళ్లు

మా అత్తగారి ఊళ్లో ఏడుగురు మగవాళ్ల మోకాళ్లకు చర్మం నిలిచేది కాదు. అది మా ఊరి చెడుగుడు జట్టు. కార్తీకంలో వాగు నీళ్లు తగ్గి ఇసుక తేలిందంటే చాలు, పొద్దు వంగేసరికి ఏడుగురూ అక్కడే ఉండేవాళ్లు. ఇప్పుడు టీవీలో మోకాళ్లకు తొడుగులు వేసుకుని ఆడుతున్నారు. అప్పుడు తొడుగులెక్కడివి, నా మొహం! ఉగాది తెల్లారి వాగు అవతలి ఊరితో పందెం. ఓడిన ఊరు మేకపోతును ఇవ్వాలి. ఆ ఒక్క మేకపోతు కోసం ఏడాదంతా రెండు ఊళ్లూ పళ్లు నూరుకునేవి.

జట్టుకు పెద్ద మా ఆయన. నేను కాపురానికి వచ్చిన మర్నాడే మా అత్త నా చేతిలో ఆముదం గిన్నె పెట్టింది. "వాని మోకాళ్లు ఇంక నీయే పిల్లా. నా నడుము పోయింది" అన్నది. నాకు ఒళ్లు మండింది. ఎవరి ఇంటి కప్పు కూలినా, ఎవరి బావిలో పూడిక తీయాలన్నా, ఊళ్లో ఎవరి పాడె మోయాలన్నా ఆ ఏడుగురే పోయేవాళ్లు. మా ఇంట్లో మాత్రం చొప్ప కోసే దిక్కు ఉండేది కాదు. ఊరికి ఉపకారి, ఆలికి అపకారి అన్న సామెత ఉత్తినే పుట్టలేదు.

కొత్త కోడళ్లు వాగుకు పోయి మగవాళ్ల ఆట చూడటం మా ఇళ్లలో లేదు. అందుకని ఆయన ఆట నేనెన్నడూ చూడలేదు. గాయాలను బట్టి తెలుసుకునేదాన్ని. రెండు మోకాళ్లూ లేచిపోయి ఉంటే గీత దగ్గర దొరికిపోయాడని, మోచెయ్యి ఒక్కటే గీసుకుపోయి ఉంటే చేతుల్లోంచి జారి వచ్చేశాడని.

"ఇయ్యాల నిన్ను పట్టిండ్రు గదా" అనేదాన్ని నూనె రాస్తూ.

"నీకెట్ల ఎరుకనే?"

"నీ మోకాలు చెప్పింది."

పడి పడి నవ్వేవాడు. గాయం భగ్గున మండుతున్నా నవ్వేవాడు. నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు కోపం ఉండేది కాదు.

తర్వాత దొరల మీద, నిజాం మీద తిరగబడ్డ సంగం వచ్చింది. రజాకార్లు ఊళ్ల మీద పడుతున్న రోజులవి. ఊరి చుట్టూ కావలి కాయాలంటే మళ్లీ ఆ ఏడుగురే ముందు. చేతిలో వడిసెల, ఒళ్లో రాళ్లు. తుపాకి పట్టినవాడు జట్టులో ఒక్కడూ లేడు. ఆ ఏడాది పందెమూ లేదు, మేకపోతూ లేదు.

వానాకాలం చివర యూనియన్ మిలిట్రీ దిగింది. నిజాం చేతులెత్తేశాడన్నారు. అమ్మయ్య, పీడ పోయిందనుకున్నాం. మా అత్త ఇంటింటికీ తిరిగి బెల్లం పంచింది. కార్తీకంలో మావాళ్లు మళ్లీ ఇసుకలోకి దిగారు. కానీ వచ్చిన మిలిట్రీ వెళ్లిపోలేదు. వాగు అవతలి ఊళ్లో, దొర కోటలాంటి గడిలో క్యాంపు పెట్టి, సంగం వాళ్లను వెతకడం మొదలుపెట్టింది. మోత్కూరు అంగడి నుంచి వచ్చిన ఆముదాల బేరగాడు మా అరుగు మీద కూర్చుని చెప్పాడు.

"పోరగాండ్లను వరుసగ నిలవెట్టి మోకాళ్లు, మోచేతులు చూస్తుండ్రు తల్లీ. గీసుకపోయి ఉంటే తుపాకి వట్టుకొని పాకినోడే అంటుండ్రు. గట్లనే బండిల ఎక్కిస్తుండ్రు."

మా అత్త చేతిలోని చేట కింద పెట్టేసింది. ఆ సాయంత్రమే ఏడిళ్లూ తిరిగి వచ్చింది. "మోకాళ్లు మానేదాంక ఆట బంద్. వాగుల అడుగు వెట్టినోని కాళ్లు నేనే ఇరగ్గొడ్త" అన్నది. ఏడిళ్లలోనూ ఆముదాలు వేయించాం, దంచాం, ఉడకబెట్టి నూనె తీశాం. పొద్దున రాశాం, సాయంత్రం రాశాం. ఊరంతా ఆముదం కంపు. మా ఆయన గోడకు ఆనుకుని కాళ్లు చాపుకుని కూర్చునేవాడు.

"ఆట లేకుంటే కాళ్లు గుంజుతున్నయే."

"గుంజనియ్యి. కాళ్లుంటే గదా గుంజేది" అనేదాన్ని.

పక్కులు రాలిపోయి కింద లేత చర్మం వచ్చింది. అది చూసి మా అత్త దేవుడికి మొక్కింది. నేనూ మొక్కాను.

మాఘంలో ఒక పొద్దున మిలిట్రీ మా ఊరిని చుట్టేసింది. మగవాళ్లందరినీ చావడి ముందు నిలబెట్టి పంచెలు పైకి ఎత్తమన్నారు. మేం గోడ చాటు నుంచి చూస్తున్నాం. సేద్యం చేసేవాళ్ల మోకాళ్లు ఎట్లా ఉంటాయి? నల్లగా, పగుళ్లు బారి, మట్టి కొట్టుకుని ఉంటాయి. ఊరందరివీ అట్లాగే ఉన్నాయి. మా ఏడుగురివి మాత్రం నిగనిగ మెరుస్తున్నాయి, నడుమ పసిపిల్లల చర్మం లాంటి మచ్చలతో. ఒక జవాను వంగి, మా ఆయన మోకాలిని వేలితో రాసి, ఆ వేలు వాసన చూశాడు. ఆ తర్వాత వాళ్లకు వెతికే పనే లేకపోయింది. నూనె రాసిన మోకాళ్లను ఏరుకుని బండి ఎక్కించారు. ఎక్కడో అడవిలో తుపాకి పట్టినవాళ్ల మీది కోపం చెడుగుడు ఆడేవాళ్ల మీద పడింది, ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు. మా అత్త తన అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయింది.

నాకు ఏడుపు రాలేదు. ఎందుకు రాలేదో ఇప్పటికీ తెలియదు. ఇల్లు ఊడ్చాను, బర్రెకు కుడితి పెట్టాను, రొట్టెలు చేశాను. రోజూ ఆ రొట్టెలు మూటగట్టి వాగు దాటి క్యాంపు గేటు దగ్గర ఇచ్చి వచ్చేదాన్ని. లోపలి నుంచి అరుపులు వినపడేవి. ఎవరివని పోల్చుకునే ప్రయత్నం కూడా చేయలేదు.

మా ఊరి పటేల్ పోయి క్యాంపు ఆఫీసరు కాళ్లావేళ్లా పడ్డాడు. "సంగపోళ్లు కాదు దొరా, చెడుగుడు ఆడేటోళ్లు" అని. ఆ ఆఫీసరు చిన్నప్పుడు తన ఊళ్లో అదే ఆట ఆడినవాడట. అయితే నా ముందు ఆడి చూపించమను, నిజంగా ఆటగాళ్లయితే వదిలేస్తాను, నాటకమైతే ఏడుగురినీ జైలుకు పంపిస్తాను అన్నాడట. ఆడాలంటే ఎదుటి జట్టు కావాలి. వాగు అవతలి జట్టు అదే మోకాళ్ల భయంతో కందిచేలల్లో దాక్కుని ఉంది. బయటికొస్తే వాళ్ల గాయాలూ బయటపడతాయి. వాళ్లు వస్తారని నేననుకోలేదు. వచ్చారు. ఏడుగురూ గడి ముందు కళ్లంలో పంచెలు ఎగగట్టి నిలబడ్డారు.

రొట్టెలు తెచ్చిన ఆడవాళ్లం గోడ పక్కన నిలబడ్డాం. మమ్మల్ని ఎవరూ పొమ్మనలేదు. మావాళ్లను బయటికి తెచ్చారు. అరికాళ్ల మీద కొట్టినట్టున్నారు, పాదాల అంచుల మీద నడుస్తున్నారు. మా ఆయన ఒక చెయ్యి డొక్కకు అదిమిపెట్టుకుని ఉన్నాడు.

మొదటి కూతకు ఆయనే పోయాడు. చెడుగుడు చెడుగుడు అంటూ గీత దాటాడు. అవతలివాళ్లు ఆయనను పట్టలేదు. ఆ మనిషిని చూశాక ఎట్లా పడతారు? చేతులు ఊరికే ఆడించారు. ఆయన ఒకరిని తాకి తిరిగి వచ్చేశాడు. ఆఫీసరు బెత్తంతో కుర్చీని కొట్టి ఏదో అరిచాడు. భాష రాకపోయినా అందరికీ అర్థమైంది. ఇంకొక్కసారి అని వేలు చూపించాడు.

మా ఆయన గీత మీద నిలబడి అవతలి జట్టు పెద్దను పిలిచాడు. ఏటా మేకపోతు దగ్గర తనతో కొట్లాడే మనిషే.

"పట్టు బావా. నన్ను నిజంగ పట్టు. పట్టకుంటే అందరం పోతం."

"నీ పానం మంచిగలేదు బావా."

"నా పానం నాకెరుక. నువ్వు పట్టు."

పట్టారు. నడుము పట్టి కింద పడేశారు, నలుగురు మీద పడ్డారు. మనిషి కనపడలేదు. కూత మాత్రం అడుగు నుంచి వస్తూనే ఉంది, సన్నగా, తెగకుండా. ఆ కుప్ప మొత్తం గీత వైపు జరిగింది. జరిగి జరిగి, ఒక చెయ్యి బయటికొచ్చి గీతను తాకింది. ఆఫీసరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. ఇన్నాళ్లూ నేను గాయాల్లో చూసిన ఆట ఇదన్నమాట అనుకున్నాను. బాగా ఆడుతున్నాడు అనుకున్నాను. అంతకు మించి ఏమీ అనిపించలేదు.

సాయంత్రానికి ఏడుగురినీ వదిలేశారు. మా ఆయనను బండిలో పడుకోబెట్టి వాగు దాటించారు. నేను పక్కన కూర్చున్నాను.

"చూసినవా?" అన్నాడు.

"చూసిన."

"ఎట్లుంది?"

"నిన్ను పట్టిండ్రు" అన్నాను.

నవ్వబోయి డొక్క పట్టుకున్నాడు. "పట్టిండ్రు గనీ, వచ్చేసిన గదనే" అన్నాడు.

ఇల్లు చేరాక నోట్లోంచి నెత్తురు పడింది. దవాఖాన నల్లగొండలో ఉంది. మళ్లీ బండి కట్టేలోపే ప్రాణం పోయింది.

ఊళ్లో ఎవరు పోయినా పాడె మోయడానికి ఏడుగురు వచ్చేవాళ్లు. ఆ రోజు ఆరుగురు వచ్చారు, కుంటుకుంటూ. అవతలి జట్టు పెద్ద కూడా వచ్చాడు గానీ వాకిట్లోనే కూర్చుండిపోయాడు, లోపలికి రాలేదు. స్నానం చేయించే ముందు నేను పంచె తొలగించి చూశాను. రెండు మోకాళ్లూ మళ్లీ లేచిపోయి ఉన్నాయి. పొయ్యి పక్కన గిన్నెలో ఆముదం ఇంకా ఉంది. తెచ్చుకుని రాయడం మొదలుపెట్టాను. ఎవరో ఆడమనిషి నా చెయ్యి పట్టుకోబోయింది.

"రాయనియ్యి" అన్నది మా అత్త. వచ్చి నా ఎదురుగా కూర్చుని గిన్నెలో వేళ్లు ముంచింది. "ఆ రెండో మోకాలు నాకియ్యి పిల్లా" అన్నది.