నా వంతు విజిల్

మా ఇంటికి అన్నం పెట్టే సాంచల మీద ఒట్టు. ఇందులో ఒక్క ముక్క కూడా కల్పించింది కాదు. మీరు నవ్వుకున్నా సరే... జరిగింది జరిగినట్టే చెప్తాను.

మాది సిరిసిల్ల. నాన్న సాంచలు, అంటే మరమగ్గాలు నడుపుతాడు. రాత్రంతా ఆ చప్పుడులోనే నిద్రపోతూ పెరిగినదాన్ని. నాకు చప్పుడంటే భయం లేదు. చప్పుడు లేకపోతేనే భయం. అలాంటి నేను వెళ్లి వెళ్లి యూనివర్సిటీలో ఔట్‌డోర్ ఎడ్యుకేషన్‌లో చేరాను. గుట్టలెక్కడం, గుడారాలు వేయడం, రేపు బడి పిల్లల్ని అడవికి తీసుకెళ్లి క్షేమంగా వెనక్కి తేవడం... అదీ మా చదువు. "గుట్టలెక్కుడు గూడ సదువేనా బిడ్డా?" అని నాన్న ఇప్పటికీ అడుగుతాడు.

పోయిన చలికాలం, కొండగట్టు అవతలి గుట్టల్లో మాకు ఒంటరి రాత్రి పరీక్ష పెట్టారు. ఒక్కొక్కరు ఒక్కో చోట, తెల్లారేదాకా. ఫోన్లు సార్ సంచిలో. మా దగ్గర దుప్పటి, నీళ్లు, టార్చి, మెడలో విజిల్. అంతే.

"గంటకోసారి నేను విజిల్ ఊదుత. మీరు వరుసగ పలకాలె," అన్నాడు సార్. "ఒక్కటి ఊదితే మంచిగున్న అని. మూడు ఊదితే ఆపద. అసలు సప్పుడే లేకపోతే నేనే ఉరికొస్త. అందరు పలికినంక రెండు చిన్నగ ఊదుత. ఇగ సల్లగ పండుకోండ్రి."

రజిత తర్వాత నా వంతు. రజిత కోరుట్ల పిల్ల, హాస్టల్లో నా రూమ్మేట్. క్లాసుకు నేను ఆలస్యమైతే నా గొంతు పెట్టి "ప్రెజెంట్ సార్" అనేది అదే. నా విజిల్ అంచు పగిలి, ఊదితే గరగరమనేది. "జలుబు చేసిన కోడిపుంజు" అని ఏడిపించేది.

మొదటి పిలుపుకు బాగానే పలికాను. తర్వాత దుప్పటి కప్పుకుంటుంటే మెడలో తాడు ముడి ఊడింది. విజిల్ జారి రెండు బండల మధ్య నెర్రెలో పడింది. టార్చి వేసి వంగాను. కాలి కింద రాయి దొర్లింది. నా కాలు చీలమండ దాకా బండల మధ్యకు దిగిపోయింది. టార్చి ఎగిరిపడి వాలులోకి దొర్లింది... టక్... టక్... తర్వాత చీకటి.

లాగితే ప్రాణం పోతోంది. అరిచాను. గాలి ఎదురు. నా కేక నాకే వినిపించింది. ఎలుగుబంట్లు తిరిగే గుట్టలవి. ఏదైనా వస్తే పక్కకు జరగడానికి కూడా లేదు.

అప్పుడు సార్ మాట గుర్తొచ్చి ప్రాణం లేచొచ్చింది. చప్పుడు లేకపోతే సార్ వస్తాడు. నేను చేయాల్సింది ఒక్కటే... ఏమీ చేయకుండా ఉండడం.

సార్ విజిల్ మోగింది. ఒక్కొక్కరే పలుకుతున్నారు. రజిత పలికింది.

నా వంతు.

నిశ్శబ్దం... గాలి కూడా ఆగింది... వస్తున్నాడు, సార్ వస్తున్నాడు అనుకుంటున్నాను...

గర్ర్ ర్ ర్...

ఒక్కటే. పొడుగ్గా. పగిలిన అంచు గరగరతో.

నా విజిల్.

ఎక్కడి నుంచో చెప్పలేను. గుట్టల్లో చప్పుడుకు దిక్కు తెలియదు. కానీ దూరం నుంచి కాదు... నా వంతు నా బదులు ఎవరో పలికేశారు. ఆ తర్వాత మిగతా వాళ్లు కూడా పలికారు. సార్ రెండు చిన్న విజిళ్లు. ఇగ సల్లగ పండుకోండ్రి.

ఏడుపు కూడా రాలేదు.

తర్వాతి పిలుపుకు ముందే అరవడం మొదలుపెట్టాను. నా కేక మీదుగా మళ్లీ అదే మోగింది. ఇంకా గట్టిగా. రాత్రంతా ప్రతి పిలుపుకూ అంతే. ప్రతిసారీ నేను మంచిగున్నానని చెప్పింది. చలికి పాదం మొద్దుబారిపోయింది. ఇంకా నాకు కాలుందో లేదో తెలియడం లేదు.

చివరి పిలుపుకు ముందు చీకటికి రెండు చేతులు జోడించాను. "దండం పెడ్త. నువ్వెవరైనా సరే... ఈ ఒక్కసారి ఊదకు. మా నాయన నా మీదనే ఆశ పెట్టుకున్నడు. నన్ను సావనియ్యకు."

సార్ ఊదాడు. నా ముందు వాళ్లంతా పలికారు. రజిత పలికింది. నా వంతు వచ్చింది.

ఏమీ లేదు.

ఇంకా ఏమీ లేదు... విన్నది. నా మాట విన్నది...

అప్పుడు మోగింది. చాలా మెల్లగా. నిద్రపోయే పిల్లను లేపకూడదన్నట్టు.

తెల్లారాక నేను దిగి రాలేదని రజిత వెతుక్కుంటూ వచ్చింది. దాని కేకకు సార్ ఉరికొచ్చి గడ్డపారతో బండ జరిపితే కాలు బయటికి వచ్చింది. వాచి నల్లబడింది.

"నువ్వే కదనే ప్రాక్సీ ఇచ్చినవ్?" అని రజిత చొక్కా పట్టుకున్నాను.

"మా అమ్మ మీదొట్టే. నేనెందుకిస్త? నువ్వే ఊదుతున్నవనుకున్న. అందర్ల నీదే గట్టిగ ఇనవడ్డది!" అంటూ అది ఏడ్చేసింది.

సార్ కట్టెపుల్లతో నెర్రెలోంచి విజిల్ తీశాడు. దులిపి చూశాడు. లోపల తడిగా ఉంది.

"మంచు గావచ్చు," అన్నాడు.

మంచే కావచ్చు. అంత లోతు నెర్రెలోకి మంచు దిగుతుందేమో, నాకు తెలియదు. రజిత అబద్ధమాడిందేమో, అదీ తెలియదు. ఆడిందనే అనుకోవాలని ఉంది.

కాలు బాగైంది. కోర్సు మానలేదు. కానీ ఇప్పుడు క్లాసులో నా పేరు పిలిస్తే వెంటనే పలకలేను. ఒక్క క్షణం ఆగుతాను... నాకన్నా ముందు ఎవరైనా పలుకుతారేమోనని.