నల్లతెర బాబాయి కేక

ఎవరి ఫోన్ నంబరైనా సరే, నల్లతెర మీద వెతికి, హాలు దద్దరిల్లేలా చదివితే తప్ప బాబాయికి తిన్నది అరగదు. పంపుసెట్ల కంపెనీ ఆఫీసులో కంప్యూటర్లు చూసుకోవడం ఆయన ఉద్యోగం. మౌస్‌ను మాత్రం సొరుగులో పెట్టి తాళం వేశాడు. బొమ్మలూ బటన్లూ లేని నల్లటి తెర మీద ఒక చిన్న కమాండూ, పక్కన పేరులో మూడక్షరాలూ కొడితే చాలు, నంబరు ప్రత్యక్షం.

కొత్తగా వచ్చిన మేనేజరమ్మకు మొదటిరోజే తలనొప్పి పట్టుకుంది. అక్కడ కాల్స్ అన్నీ ఆపరేటర్ అక్కయ్యే కలపాలి. "అక్కయ్యా, లారీ డ్రైవరుకి కలపండి" అని ఎవరో అన్నారో లేదో, టకటకా శబ్దం, వెంటనే కేక: "తొంభై నాలుగు... అరవై ఏడు..."

"బాబాయ్, డ్రైవరు మీ పక్కనే కూర్చుని టీ తాగుతున్నాడు!" అని ఎవరో నవ్వారు.

"తాగితే? అడిగింది నంబరేగా!"

మేనేజరమ్మకు ఒళ్ళు మండింది. "ఇది ఆఫీసా, సంతా? రేపట్నుంచి ఎవరూ కేకలు పెట్టొద్దు. నంబర్లు ఆపరేటర్ గారే చూసుకుంటారు."

బాబాయి ముఖం మాడ్చుకున్నాడు.

మర్నాడు హాలు నిశ్శబ్దం. మేనేజరమ్మకు ప్రాణం లేచివచ్చినట్టయింది. అక్కయ్య దగ్గరికి వెళ్ళి పాత డీలరుకు కలపమంది. అక్కయ్య తన కంప్యూటర్ తెరకు ముక్కు ఆనించి నంబరు వెతికింది. నొక్కింది. "ఆసుపత్రా? క్షమించండి." మళ్ళీ నొక్కింది. ఈసారి ఎవరిదో ఇల్లు. అవతల బాబాయి ముళ్ళమీద కూర్చున్నట్టు కదులుతున్నాడు. ఇక ఆగలేకపోయాడు.

"తొంభై రెండు! ముప్పై ఎనిమిది!"

అక్కయ్య వేళ్ళు బటన్ల మీద చకచకా పరుగెత్తాయి. డీలరు పలికాడు.

మేనేజరమ్మ బాబాయిని గదిలోకి పిలిచింది. "ఆవిడకి కనబడటం లేదా?"

"మసకలమ్మా. వచ్చే నెల కంటి ఆపరేషన్. ఈలోగా మీకు తెలిస్తే ఉద్యోగం పోతుందని హడలిపోతోంది." ఆయన తల గోక్కున్నాడు. "అరవడం నాకేం సరదానా? ఇంటికెళ్ళేసరికి గొంతు పోతోంది. మా ఆవిడ మాత్రం, ఇన్నాళ్ళకి ఇల్లు ప్రశాంతంగా ఉందని మురిసిపోతోంది."

మేనేజరమ్మకు నవ్వాగలేదు. ఆ మనిషి మీద ఎక్కడలేని ఇష్టం కలిగింది. నేరుగా అక్కయ్య దగ్గరికెళ్ళి, "మీ సీటు మీదే. నిశ్చింతగా ఆపరేషన్ చేయించుకుని రండి" అని మెల్లగా చెప్పింది. అక్కయ్య కళ్ళు తుడుచుకుంది.

తర్వాత మేనేజరమ్మ, నంబరు తన సెల్‌లోనే ఉన్నా, హాలు మధ్యలో నిలబడింది.

"అక్కయ్యా, గోడౌన్‌కి కలపండి!"

టకటకా శబ్దం. భయంభయంగా బాబాయి గొంతు: "ఎనభై ఒకటి..."

"గట్టిగా బాబాయ్! నాకే వినబడలేదు!"